కొలతగాడి నీళ్లు

హైదరాబాదు నాచారంలో మా గల్లీలో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. బోరు పాయింటు సార్ అంటారు. ఈ పనిలో పడి పాతికేళ్లు దాటింది. ఎవరైనా ఇల్లు మొదలుపెట్టినా, ఉన్న బోరు ఎండిపోయినా నాకు ఫోను వస్తుంది. మీటరు పెట్టె, నాలుగు ఇనప రాడ్లు, కేబులు చుట్టలు బండి మీద వేసుకుని వెళ్తాను. రాడ్లు భూమిలోకి దిగ్గొట్టి వాటిలోంచి కరెంటు పంపితే, కింద రాయి ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పగిలిందో, ఆ పగుల్లో తడి ఉందో లేదో మీటరు అంకెల్లో చెబుతుంది. ఆ అంకెలు కాగితం మీద గీసుకుని, ఒకచోట సున్నంతో గుర్తు పెడతాను. మర్నాడు బోరు బండి వచ్చి అక్కడ తవ్వుతుంది.

ఇదే పని కొబ్బరికాయతో చేసేవాళ్లూ ఉన్నారు. కాయ అరచేతిలో పడుకోబెట్టుకుని ప్లాటంతా తిరుగుతారు. లేచి నిలబడిన చోట నీళ్లున్నట్టు. వాళ్లను చూసి చాలాకాలం నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వడం లేదు. కాయ పట్టుకున్నవాడికి కింద ఏముందో తెలియదు, తెలియకుండానే చెబుతాడు. నాకు తెలుసు.

పాయింటు పెట్టడానికి వచ్చినవాడికి ముందుగా నీళ్లివ్వాలి. మా వైపు ఎవరూ చెప్పకుండానే నడిచే పద్ధతి ఇది. బాటిల్ నీళ్లు కాదు, ఆ ఇంటి నీళ్లే. పాత బోరువో, బావివో, ఏవీ లేకపోతే పక్కింటివో. తాగి గ్లాసు కింద పెట్టాకే పని మొదలవుతుంది. ఆ నీళ్లు తాగినందుకు మేం మంచి మాట పలకాలి. "నీళ్లు పడతయా సార్?" అంటే "మస్తు పడతయి" అనాలి. అంకెలు ఏడ్చినట్టున్నా అదే అనాలి. లేదంటే అపశకునం పలికాడని ఇంటి పెద్దలు మొహం మాడ్చుకుంటారు, మర్నాడు ఇంకొకణ్ణి పిలిపించుకుంటారు. ఈలోగా పక్క ప్లాటాయన గోడ మీదినుంచి తల పెడతాడు. "సార్, ఈళ్లు బోరేస్తె మాదానికేమన్నయితదా?" అంటాడు. ప్రతిచోటా ఎవరో ఒకరు అడుగుతారు. దానికీ మా దగ్గర ఒకటే జవాబుంది. "ఏం గాదు."

ఆ మాట నేను ఎన్ని గోడల దగ్గర నిలబడి అన్నానో లెక్క లేదు. ఉప్పల్ నుంచి మౌలాలి దాకా, ఏఎస్ రావు నగర్ వెనక గల్లీల్లో, నాగారం కొత్త ప్లాట్లలో అన్నాను. ఏం గాదన్న చోట ఏమైందో కూడా చాలాసార్లు నాకు తెలుసు.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక పెద్దమ్మ ఉండేది. ఆరు బర్రెలు, రేకుల కొట్టం, పెరట్లో చేదబావి. గల్లీ మొత్తానికీ ఆమె పాలే. ఫ్యాక్టరీల దెబ్బకి మా చుట్టుపక్కల చాలా బావుల్లో నీళ్లు రంగు మారాయిగానీ ఆమె బావి ఎందుకో నిలిచింది. ఆ పెరటి గోడకి ఆనుకుని ఐదంతస్తుల అపార్ట్‌మెంటు లేస్తుంటే బోరు పాయింటు పెట్టింది నేనే. ఆ రోజు ఆమె గడ్డి మోపు దింపి, కొంగుతో మెడ తుడుచుకుంటూ వచ్చి అడిగింది.

"బిడ్డా, మా బాయికేమన్నయితదా?"

"ఏం గాదు పెద్దమ్మా. నువ్వు ఫికర్ జెయ్యకు."

"నువ్వు జెప్పినవంటె నాకు ధైర్యం బిడ్డా."

అపార్ట్‌మెంటు బోరు దిగిన మొదటి ఎండాకాలంలోనే బావి అడుగు కనబడింది. ఆమె కొన్నాళ్లు ట్యాంకరు నీళ్లతో బర్రెలను సాకింది. ట్యాంకరు రాని రోజున అవి అరుస్తుంటే మా ఇంట్లోకి వినబడేది. ఒక్కొక్కటిగా అమ్మేసింది. ఆఖరి బర్రెను ఆటో ట్రాలీ ఎక్కిస్తున్నప్పుడు నేను బండి తీస్తూ ఎదురుపడ్డాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమే పలకరించింది. "నువ్వేం జేస్తవు బిడ్డా, భూమిల నీళ్లు నీ చేతుల ఉంటయా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం అన్నం సయించలేదు. మా ఆవిడది కాకినాడ. ఆవిడకి నా మొహం చూస్తే చాలు. "అప్పుడు మీకు తెలుసా?" అని ఒక్క మాట అడిగింది. నేను టీవీ సౌండు పెంచాను.

అది జరిగిన ఏడాదే సహారాకు పిలుపు వచ్చింది.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర రెండు గదుల్లో నడిచే చిన్న సర్వే కంపెనీ ఒకటి ఉండేది. వాళ్లకు అల్జీరియాలో పని దొరికింది. దేశానికి దక్షిణాన, సహారా నడుమ, ఒక పెద్ద వ్యవసాయ కంపెనీ గోధుమ పండిద్దామని వేల ఎకరాలు తీసుకుంది. అక్కడ లోతు బోర్లకు పాయింట్లు పెట్టాలి. రెండు నెలల పని. మీటరు తిప్పడం వచ్చినవాడు కావాలని నన్ను అడిగారు. ఇంట్లో చెబితే మా ఆవిడ కూర తరుగుతూనే అంది, "ఎడారిలో నీళ్లు వెతకడానికి మీరే దొరికారా? ఇక్కడ వెతికినవి చాల్లేదా?"

నాకు కోపం వచ్చింది. నిజమైన మాట కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది. "నీకేం దెలుస్తది నా పని" అని అరిచి, పెట్టె సర్దుకున్నాను.

సహారా అంటే ఇసుక దిబ్బలనుకుని వెళ్లాను. మొదటి రోజంతా కారు కిటికీలోంచి కనబడింది కంకరే. ఘట్‌కేసర్ దాటాక క్రషర్ల దగ్గర నేల ఎట్లా ఉంటుందో అట్లా, కంటికి ఆనినంత దూరం. చెట్టు లేదు, పక్షి లేదు. డ్రైవరు ఆ ప్రాంతం మనిషే. అరబ్బీ, ఫ్రెంచి కాక కొంచెం ఇంగ్లీషు వచ్చు. హిందీ సినిమాలు చూసి చూసి హిందీ కూడా తడుముకుంటూ మాట్లాడేవాడు. నాకు హైదరాబాదు ఉర్దూ ఉంది కాబట్టి హిసాబు, కితాబు, వక్తు లాంటి మాటలు ఇద్దరికీ కలిసేవి. మిగతాది చేతులతో నడిచింది. రెండు నెలలూ నా నోరూ చెవీ అతనే.

మర్నాడు మధ్యాహ్నానికి రోడ్డు ఒక పల్లంలోకి దిగింది. ఉన్నట్టుండి కింద పచ్చటి ఖర్జూరపు తోట కనబడింది, దాని పక్కన ఎర్రమట్టి గోడల ఊరు. ఆ దారి పొడుగునా అట్లాంటి ఊళ్లు మూడున్నాయి, నడిస్తే గంట గంటన్నర దూరంలో ఒక్కోటి. మేం ఒక్కో ఊళ్లో కొన్ని రోజులు మకాం పెట్టుకుంటూ వెళ్లాలి.

మొదటి ఊళ్లో కారు దిగగానే నాకు వినబడింది నీళ్ల చప్పుడు. నమ్మలేకపోయాను. ఖర్జూరపు చెట్ల కింద ఉల్లి మళ్లు, పుదీనా, చిక్కుడు. వాటి మధ్య జానెడు వెడల్పు కాలువలు గలగలమంటూ పారుతున్నాయి. మోటరు ఎక్కడుందని అడిగాను. డ్రైవరు నవ్వి నన్ను ఊరి వెనక గుట్ట మీదికి తీసుకెళ్లాడు. అక్కడినుంచి ఎడారిలోకి మైళ్ల కొద్దీ మట్టి కుప్పలు వరసగా ఉన్నాయి, పందికొక్కులు తోడిపోసినట్టు. ఒక్కో కుప్ప మధ్యలో ఒక బావి. ఆ బావులన్నిటినీ అడుగున కలుపుతూ సొరంగం ఉంది. దూరాన ఎత్తులో ఇసుకరాయి వదిలే నీళ్లు ఆ సొరంగంలోంచి నిదానంగా వాలుకు జారి, ఊరి దగ్గర భూమి పైకి వస్తాయి. మోటరు లేదు, కరెంటు లేదు. వాళ్ల తాతముత్తాతలు చేత్తో తవ్వింది. ఏటా లోపలికి దిగి పూడిక తీస్తారు, అంతే. ఇరవై ఏళ్లుగా బోర్లలో మునిగి తేలుతున్న నాకు ఆ రోజు నిజంగా సిగ్గేసింది.

రెండో ఊళ్లో నీళ్ల చప్పుడు లేదు. కాలువలున్నాయి, వాటిలో ఇసుక ఉంది. చెట్లున్నాయి, తలలు లేవు. మట్టలు రాలిపోయి మొండేలు నిలబడి ఉన్నాయి. ఐదేళ్ల కింద దగ్గర్లో ఎవరో లోతు బోర్లు వేశారని డ్రైవరు చెప్పాడు. నేను ఆ ఊళ్లో కూడా మీటరు దించి అంకెలు రాసుకున్నాను. కాబట్టి తర్వాత నేను చేసింది తెలియక చేశానని ఎవరికీ చెప్పుకోలేను.

మూడో ఊరికి వెళ్లిన రోజు నీళ్ల కొలత జరుగుతోంది.

సొరంగం బయటపడే చోట రాతితో చేసిన దువ్వెన లాంటిది అడ్డంగా ఉంటుంది. దాని పళ్ల సందుల్లోంచి నీళ్లు విడిపోయి, ఎవరి వాటా వాళ్ల కాలువలోకి పోతుంది. ఎవరికైనా వాటా మారినప్పుడు కొలతగాడు వచ్చి కొలుస్తాడు. ఆ ఊరి కొలతగాడికి డెబ్బై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, తెల్ల తలపాగా, మోకాళ్ల దాకా తడిసిన బట్టలు. మా ఆవిడ బూందీ దూసే చట్రం లాంటి రాగి రేకు ఆయన చేతిలో ఉంది, సైజు సైజుకు బెజ్జాలతో. దాన్ని నీళ్లకు అడ్డం పెట్టి, కొన్ని బెజ్జాలు తడిమట్టితో మూసి, కొన్ని తెరిచి, నీళ్లు రేకు అంచుకు సమంగా నిలిచేదాకా వంగి చూశాడు. గట్టు మీద ఊరి మగవాళ్లంతా కూర్చుని ఉన్నారు. దగ్గినవాడు కూడా లేడు. చివరికి ఆయన లేచి నిలబడి, ఫలానావాడికి ఇంత అని గొంతెత్తి చెప్పాడు. ఎవరూ మారు మాట్లాడలేదు. లేచి ఇళ్లకు పోయారు.

"ఎవరూ గొడవ పడరా?" అని అడిగాను.

"ఎందుకు పడతారు? ఆయన చెప్పాడు కదా" అన్నాడు డ్రైవరు. తర్వాత ఆ ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాడు. కొలతగాడు తప్పు మాట చెబితే అతనికి వేరే శిక్ష ఏమీ ఉండదు. ఆ కాలువ నీళ్లు మళ్లీ తాగకూడదు, అంతే. ఎవరూ కాపలా ఉండరు. తనంతట తనే మానుకోవాలి. "మరి ఎవరైనా మానుకున్నారా?" అంటే, "మా నాన్న కాలంలో కూడా ఎవరూ తప్పు చెప్పలేదు" అన్నాడు.

ముసలాయన మర్నాడు మా గుడారం దగ్గరికి గంపెడు ఖర్జూరాలు పట్టుకుని వచ్చాడు. నేను నీళ్లు కొలిచేవాణ్ణని ఎవరో చెప్పారట, తోటి పనివాణ్ణి చూద్దామని వచ్చాడు. నా మీటరు చుట్టూ తిరిగాడు. భూమిలో దిగిన రాడ్డుకు చెవి ఆనించి విని, ఏమీ వినబడక చిన్నపిల్లాడిలా నవ్వాడు. నా భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. "నా కొడుకా అంటున్నాడు. మీ ఇద్దరిదీ ఒకటే పనట" అని డ్రైవరు చెప్పాడు. ఆయన అడిగినవన్నీ చూపించాను. ఇరవై ఏళ్లలో నా పనిని అంత మర్యాదగా చూసినవాళ్లు లేరు. నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

తర్వాత ఆయన కింద కూర్చుని, రాగి రేకు ఒళ్లో పెట్టుకుని, అడగవలసింది అడిగాడు. కంపెనీ బోర్లకు ఊరివాళ్లు ఒప్పుకోవాలి. ఊరివాళ్లు ఆయన్ను అడిగారు. నీళ్ల సంగతి ఆయన ఏది చెబితే అదే. తనకు భూమి పైకి వచ్చిన నీళ్లే తెలుసుగానీ లోపలివి తెలియవు. కాబట్టి నన్ను అడుగుతున్నాడు. ఈ బోర్లు వేస్తే మా కాలువకేమైనా అవుతుందా?

అక్షరం పొల్లుపోకుండా పెద్దమ్మ అడిగిన మాటే.

నేను గీసిన కాగితం పక్కనే ఉంది. మా నాచారంలో కింద రాయి అడ్డం ఉంటుంది. అదృష్టం ఉంటే పక్కింటి బోరు బతుకుతుంది. అక్కడ అడ్డమన్నది లేదు. బోర్లు వేసే చోటునుంచి వాళ్ల సొరంగం మొదలు దాకా ఒకటే ఇసుకరాయి, ఒకటే నీళ్లు, దుప్పటి పరిచినట్టు. అటు లాగితే ఇటు దిగుతుంది. దానికి చదువు కూడా అక్కర్లేదు, రెండో ఊళ్లో మొండి చెట్లు చూస్తే చాలు.

"ఏం గాదు" అన్నాను. ముందు తెలుగులోనే వచ్చేసింది. తర్వాత హిందీలో చెప్పాను. డ్రైవరు అరబ్బీలో చెప్పాడు.

ముసలాయన వెంటనే లేవలేదు. "నీ కొలత మీద చెబుతున్నావా?" అని అడిగాడు.

మీటరు మీద చెయ్యి పెట్టి అవునన్నాను.

ఎందుకన్నానని చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. అయితదని చెబితే ఉద్యోగం పోతుందని ఆ క్షణంలో తట్టనైనా లేదు. అలవాటు. ఎదుటి మనిషి ఆ గొంతుతో అడిగితే నా నోరు ఆ జవాబు చెబుతుంది. మంచి మాట పలికానని లోపల కొంచెం హాయిగా కూడా ఉంటుంది. కొబ్బరికాయవాడికంటే నేను నీచమనుకునేది అందుకే.

మర్నాడు పొద్దున ఊరివాళ్లు కాలువ గట్టు మీద కూర్చున్నారు. ముసలాయన నిలబడి, వాటాలు చెప్పే గొంతుతోనే, కాలువకు ఏమీ కాదని చెప్పాడు. ఎవరూ మారు మాట్లాడలేదు. వరసగా వచ్చి కాగితం మీద సంతకాలూ వేలిముద్రలూ పెట్టారు. నేను ఒక ఖర్జూరపు చెట్టు కింద నిలబడి చూశాను. అప్పుడైనా నాలుగడుగులు వేసి వెళ్లి చెప్పి ఉండొచ్చు. వెళ్లి కేబులు చుట్టుకున్నాను.

తిరిగి వచ్చాక నాచారంలో నా పరపతి పెరిగింది. సహారాలో నీళ్లు పట్టినోడని పేరొచ్చింది. ఎవరో సలహా ఇస్తే కార్డుల మీద విదేశీ అనుభవం అని కూడా అచ్చు వేయించాను. పెళ్లిళ్లలో చుట్టాలు కుర్చీలు దగ్గరికి లాక్కుని ఎడారి కబుర్లు చెప్పమనేవారు. సొరంగం గురించి చెప్పేవాణ్ణి, రాగి రేకు గురించి చెప్పేవాణ్ణి, ముసలాయన రాడ్డుకు చెవి పెట్టిన సంగతి చెప్పి నవ్వించేవాణ్ణి. అక్కడితో ఆపేవాణ్ణి. మా ఆవిడ మాత్రం నవ్వేది కాదు. పెద్దమ్మ కొట్టం ఉన్న చోట ఈలోగా అపార్ట్‌మెంటువాళ్ల కార్లు నిలుస్తున్నాయి. బావి పూడ్చి పైన సిమెంటు వేశారు.

ఆరేళ్లు గడిచాయి. పోయిన చలికాలంలో ఆ సర్వే కంపెనీవాళ్లే మళ్లీ ఫోను చేశారు. సహారా బోర్లలో నీళ్లు దిగిపోతున్నాయట. ఇంకా లోతుకు పాయింట్లు పెట్టాలట. పాత కాగితాలు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి నన్నే రమ్మన్నారు. మా ఆవిడకు చెప్పాను. పెట్టె దించి ఇచ్చింది, అంతే.

డ్రైవరు అతనే. గడ్డం నెరిసింది. దారిలో హిందీ సినిమాల ఊసు ఎత్తలేదు. మొదటి ఊళ్లో కాలువ నీళ్లు చీలమండ దాకా ఉండేవి, ఇప్పుడు వేలు మునిగేంత ఉన్నాయి. రెండో ఊళ్లో మనుషులే లేరు. మూడో ఊరు వస్తుండగా నేను కిటికీలోంచి కాకుండా నా మోకాళ్ల వంక చూస్తూ కూర్చున్నాను.

రాతి దువ్వెన అట్లాగే ఉంది. పళ్ల సందుల్లో ఇసుక పేరుకుంది. ఒకే ఒక్క సందులోంచి సన్నటి ధార, పిల్లలు కట్టుకునే మొలతాడంత, జారుతోంది. ఊరి అవతల మాత్రం గోధుమ చేలు గుండ్రంగా, పచ్చగా, కంటికి ఆనినంత దూరం ఉన్నాయి. అవి నా పాయింట్లే.

"ముసలాయన ఉన్నాడా?" అని అడిగాను.

"ఉన్నాడు" అని డ్రైవరు మిగతాది చెప్పాడు. నీళ్లు తగ్గడం మొదలైన ఏడాది ఊరివాళ్లు ఆయన దగ్గరికి వచ్చారు. హిందూస్తానీవాడు చెప్పాడని ఆయన అనలేదట. మాట చెప్పింది తనే అన్నాడట. రాగి రేకును పెద్దల ముందు పెట్టి, ఆ రోజునుంచి కాలువ నీళ్లు ముట్టడం మానేశాడు. ఊరివాళ్లు వద్దన్నా వినలేదు. కంపెనీ పెట్టిన కుళాయి నీళ్లు కూడా తాగడు, అవీ అవే నీళ్లు కదా అంటాడు. రెండు రోజులకొకసారి గాడిద మీద డబ్బాలు వేసుకుని మొదటి ఊరికి వెళ్లి తెచ్చుకుంటాడు. పోయి రావడానికి ఒక పగలంతా పడుతుంది.

"నా గురించి ఏమీ అనలేదా?"

"ఏమీ అనలేదు."

నేను వచ్చినట్టు ఆయనకు తెలిసి, మర్నాడు కబురు పెట్టాడు. తప్పించుకుందామని చూశానుగానీ అక్కడ అతిథి కాదంటే పెద్ద అవమానం. వెళ్లాం. ఇల్లు చల్లగా, శుభ్రంగా ఉంది. ఆయన బాగా కుంగిపోయాడు, ఒక చేత్తో గోడ పట్టుకుని లేచాడు. అయినా అప్పటిలాగే నా భుజం మీద చెయ్యి వేసి, నా కొడుకా అన్నాడు. కింద చాప మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు పెట్టాడు. గోడవారగా ఒక మట్టి కూజా, ఒక ప్లాస్టిక్ డబ్బా ఉన్నాయి. కూజాలోంచి రెండు గిన్నెల్లో నీళ్లు వంచి ఒకటి నాకు, ఒకటి డ్రైవరుకు ఇచ్చాడు. తను డబ్బాలోంచి పోసుకున్నాడు.

కూజాలోవి కాలువ నీళ్లు. డ్రైవరు చెప్పకపోయినా నాకు తెలిసింది. అతను గిన్నె పట్టుకుని చాప వంక చూస్తున్నాడు.

ముసలాయన నా వంక చూస్తున్నాడు. ఆయనకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. తప్పు మాట చెప్పినవాడు ఆ నీళ్లు తాగకూడదు. ఆ తప్పు మాట ఈ గదిలో ఎవరిదో నాకు తెలుసు. గిన్నె కింద పెడితే చాలు, ఒక్క ముక్క మాట్లాడక్కర్లేదు. ఆయన మళ్లీ గాడిద మీద ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇంటి ముందు పారే ఆ కాస్త నీళ్లైనా, బతికినన్నాళ్లు తాగుతాడు. అదంతా నాకు ఆ క్షణంలోనే, కాగితం మీద గీసినట్టు కనబడింది.

"ఆయనకు చెప్పు" అన్నాను డ్రైవరుతో.

"ఏం చెప్పను?"

ఇద్దరూ నా వైపే చూశారు. నేను గిన్నె ఎత్తి గడగడా తాగేశాను. చుక్క మిగల్చలేదు.

"నీళ్లు చాలా తియ్యగా ఉన్నాయని చెప్పు."

డ్రైవరు చెప్పాడు. ముసలాయన తల ఊపాడు. కూజా ఎత్తి నా గిన్నె మళ్లీ నింపాడు. అవీ తాగాను.

తర్వాతి వారమంతా ఇంకా లోతుకు పాయింట్లు పెట్టాను. ఈసారి ఊరివాళ్ల సంతకాలు అడగలేదు, పాతవే సరిపోతాయన్నారు. బయల్దేరిన రోజు పొద్దున ఆయన గాడిదను తోలుకుంటూ రోడ్డు వారన మొదటి ఊరి వైపు పోతూ కనబడ్డాడు. డ్రైవరు కారు నెమ్మది చేశాడు. పోనివ్వమన్నాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడకు మొత్తం చెప్పాను. పెళ్లయ్యాక ఏదీ దాచకుండా చెప్పింది అదొక్కటే. "ఇక మానెయ్యండి ఆ పని" అంది ఆవిడ. చూద్దామన్నాను.

మానలేదు. ఒకటి మాత్రం మానేశాను. పాయింటు పెట్టడానికి వెళ్లిన ఇంట్లో నీళ్లు తాగడం లేదు. బాటిల్ సంచిలో పెట్టుకుని పోతున్నాను. ఇంటివాళ్లు నొచ్చుకుంటే డాక్టరు వద్దన్నాడని చెబుతున్నాను.

పోయిన నెల నాగారంలో పని పడింది. మంచి ఎండ. రాడ్లు దిగ్గొట్టేసరికి నా బాటిల్ ఖాళీ అయింది. ఇంటామె తెచ్చిన గ్లాసు గట్టు మీద అట్లాగే ఉంది. నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. పక్కింటాయన గోడ మీదినుంచి తల పెట్టాడు. ఆయన వెనక పెరట్లో కరివేపాకు, రెండు జామచెట్లు, వాటి పాదుల్లో అప్పుడే పెట్టిన నీళ్లు మెరుస్తున్నాయి.

"సార్, మా బోరుకేమన్నయితదా?"

గ్లాసు వంక చూశాను, ముట్టుకోలేదు.

"ఏం గాదన్నా" అన్నాను.